సైటు మీద మంచి వాతావరణానికి ఖర్చెంత?

నలభై మంది పనిచేసే ఒక అపార్ట్‌మెంటు సైటు తీసుకుందాం. తాపీ మేస్త్రీలు, రాడ్ బెండర్లు, సెంట్రింగ్ వాళ్లు, ఆడ మగ హెల్పర్లు అందరినీ కలిపి సగటు రోజు కూలి 900 రూపాయలనీ, నెలకు 26 రోజుల పని అనీ పెట్టుకుందాం. అంటే మనిషికి నెలకు 23,400, సైటు మొత్తానికి 9 లక్షల 36 వేలు. ఊరిని బట్టి, పనిని బట్టి ఈ అంకెలు మారతాయి. మీ సైటు అంకెలు పెట్టుకుని ఇదే లెక్క మళ్లీ వేసుకోవచ్చు.

దేశంలో పనిచేసే ప్రతి వంద మందిలో సుమారు పన్నెండు మంది నిర్మాణ రంగంలోనే ఉన్నారు. ఇంతమంది బతికే రంగంలో పని వాతావరణం బాగుండాలి అనగానే చాలామంది బిల్డర్లకు దసరా స్వీటు డబ్బా, ఏడాదికోసారి హోటల్లో మీటింగు, గోడ మీద నినాదం గుర్తొస్తాయి. ఉంటే మంచిదే. కానీ సెంట్రింగ్ కూలీ తన కంపెనీని వాటితో కొలవడు. డబ్బులు ఏ రోజు చేతికొస్తాయి, తాగడానికి నీళ్లున్నాయా, పోవడానికి దొడ్డి ఉందా, తప్పు కనబడితే చెప్పనిస్తారా అని చూస్తాడు. వీటన్నిటికీ లెక్క కట్టొచ్చు. కడదాం.

డబ్బుతో మొదలుపెడతాను, ఎందుకంటే జీతం తేదీ తప్పే కంపెనీలో మిగతా ఏ మార్పూ నిలబడదు. బిల్లు రాలేదని కాంట్రాక్టరు ఈ నెల జీతాలు పది రోజులు ఆపాడనుకోండి. ఆ 9 లక్షల 36 వేలు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టులో, అంటే ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ వాడుకునే అప్పులో, ఏడాదికి 12 శాతం వడ్డీకి తెచ్చి ఇచ్చి ఉంటే పది రోజులకు అయ్యే వడ్డీ సుమారు 3,077 రూపాయలు. ఆపడం వల్ల అతనికి మిగిలింది అంతే.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో, పాలమూరు నుంచో వచ్చినవాడు నెలకు 12,000 ఇంటికి పంపాలి. అక్కడ పిల్లల ఫీజు, కిరాణా ఖాతా, మందులు ఆగవు. చేబదులు దొరక్కపోతే నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెస్తాడు. పది రోజులకు తెచ్చినా వడ్డీ వ్యాపారి నెల వడ్డీ పట్టుకుంటాడు, అంటే 600. నలభై మందిలో సగం మందే ఇలా అప్పు చేశారనుకున్నా కూలీల జేబుల్లోంచి పోయింది 12,000. కంపెనీకి మిగిలిన ప్రతి రూపాయికీ కూలీల వైపు దాదాపు నాలుగు రూపాయలు పోయాయి. ఇంత నష్టపు బేరం ఏ వ్యాపారీ కావాలని చెయ్యడు. కూలీల వైపు పోయింది కళ్లకు కనబడదు కాబట్టే చేస్తున్నారు.

చట్టం ఏమంటోంది? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల స్మృతి ప్రకారం రోజుకూలీకి ఆ రోజు పని ముగియగానే డబ్బివ్వాలి. వారం కూలీ అయితే సెలవుకు ముందు ఆఖరి పనిదినాన, నెల జీతమైతే వచ్చే నెల ఏడో తేదీలోగా. పని మానేసినవాడికి, తీసేసినవాడికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. "వచ్చే నెల వచ్చి తీసుకుపో" అనడానికి ఇందులో చోటు లేదు.

"నేను సబ్ కాంట్రాక్టర్‌ని, పైవాడు నాకివ్వకపోతే నేనెక్కడ తెచ్చేది?" ఇది న్యాయమైన ప్రశ్న. అందుకే కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే ఆ బాధ్యత ముఖ్య యజమాని మీదికి, అంటే ఎవరి కోసం ఆ పని జరుగుతోందో వారి మీదికి పోతుంది. వారు కూలీలకు చెల్లించి కాంట్రాక్టరు బిల్లులో కోసుకోవచ్చు. బుద్ధిమంతుడైన బిల్డరు అంతదాకా రానివ్వడు. బిల్లును రెండు ముక్కలు చేస్తాడు: మెటీరియల్ డబ్బు వేరు, కూలి డబ్బు వేరు. మెటీరియల్ బిల్లు మీద ఎన్ని వాదనలున్నా కూలి ముక్క శనివారం శనివారం కదిలిపోతుంది.

గుంపు మేస్త్రీల పద్ధతి గురించి ఒక మాట. పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ఆనకట్టలు కట్టింది ఈ పద్ధతిలోనే. ఊళ్లో అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని కట్టేసి, సైటుకు తీసుకొచ్చి, కూలి మొత్తం మేస్త్రీ చేతికే ఇప్పించడం. వెట్టి చాకిరీని 1976లోనే చట్టం రద్దు చేసింది కానీ అడ్వాన్సు ముడి ఇప్పటికీ చాలాచోట్ల వదల్లేదు. కూలి నేరుగా కూలీ బ్యాంకు ఖాతాలో పడి, మేస్త్రీకి కమీషను విడిగా ఇస్తే ఈ ముడి సగం ఊడుతుంది. మేస్త్రీ మొదట అలుగుతాడు. కమీషను తేదీ తప్పకుండా వస్తుందని తెలిశాక సర్దుకుంటాడు.

జీతం సరిగా రాని చోట మనిషి గొడవపడడు, చెప్పకుండా వెళ్లిపోతాడు. పండక్కి వెళ్లి తిరిగి రాడు. లేదా పొద్దున్నే అడ్డా మీద నిలబడి ఇంకో సైటు ఎక్కుతాడు. కొత్త మనిషికి మీ సైటు అలవాటయ్యే మొదటి ఆరు రోజుల్లో సగం పనే జరుగుతుందనుకుంటే మూడు రోజుల కూలి, అంటే 2,700 రూపాయలు వృథా. నెలకు పది మంది మారితే 27,000. జీతాలు ఆపి మిగుల్చుకున్న 3,077 దీని ముందు ఏపాటి? మీ మస్టర్ పుస్తకంలో కిందటి నెల పేర్లకూ ఈ నెల పేర్లకూ పక్కన టిక్కు పెట్టి చూడండి. కంపెనీ వాతావరణం ఎలా ఉందో ఏ సర్వే కన్నా ఆ రెండు పేజీలు బాగా చెబుతాయి.

ఇక నీళ్లు. ఎండలో కష్టమైన పని చేసేవారు ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకు పావు లీటరు తాగాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. ఇరవై నిమిషాల లెక్కనే తీసుకున్నా గంటకు ముప్పావు లీటరు, ఎనిమిది గంటలకు ఆరు లీటర్లు. నలభై మందికి 240 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు పన్నెండు. క్యాను పాతిక రూపాయలనుకుంటే రోజుకు 300. మనిషికి ఏడున్నర రూపాయలు. సైటు బయట బండి మీద ఒక టీ కూడా రాదు. అయినా చాలా సైట్లలో రెండే క్యాన్లు, అవీ ఆఫీసు గదిలో. మూడో అంతస్తులో రాడ్లు కడుతున్నవాడు నీళ్ల కోసం దిగి ఎక్కాలంటే పది నిమిషాలు. దిగితే సూపర్‌వైజర్ చూస్తాడు, అందుకని దిగడు. క్యాన్లు పని జరిగే అంతస్తులో ఉండాలి. ఖర్చు అదే, చోటు మాత్రమే వేరు.

క్యాన్లు పెట్టినా ఆడవాళ్లు తాగడం లేదని ఒక సైటు ఇంజినీరు అంటే మీరు నమ్మాలి, కారణం కూడా వెంటనే ఊహించాలి. సైటులో మరుగుదొడ్డి లేదు, లేదా ఉన్నదానికి తలుపు లేదు. పొద్దున ఎనిమిదికి వచ్చినావిడ సాయంత్రం దాకా ఆపుకోవాలి కాబట్టి తాగడమే మానేస్తుంది. మే నెల ఎండలో ఇసుక తట్ట మోస్తూ. మధ్యాహ్నం కళ్లు తిరిగి పడితే "తినకుండా వచ్చి ఉంటుంది" అంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి నాలుగు రోజులు రాకపోతే "ఆడకూలీలతో ఇదే బాధ" అంటారు. దొడ్డి లేని సైటులో నీళ్ల క్యాను కూడా వృథాయే అన్నమాట. కాంట్రాక్టు కార్మికుల 1971 నాటి కేంద్ర నియమాలే పాతిక మంది ఆడవాళ్లకు ఒకటి, మొదటి వంద మంది మగవాళ్లలో పాతిక మందికి ఒకటి చొప్పున మరుగుదొడ్లు ఉండాలన్నాయి. మన సైటులో పదిహేను మంది ఆడవాళ్లు, పాతిక మంది మగవాళ్లు ఉంటే చెరొకటి చాలు. తలుపు, గడియ, నీళ్లు, రోజూ కడిగే మనిషి. ఆ మనిషికి రోజుకు 700 అనుకుంటే నెలకు 18,200.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి కూలి సంగతీ. అదే హెల్పర్ పనికి మగవాడికి 800, ఆడమనిషికి 650 ఇవ్వడం చాలాచోట్ల మామూలైపోయింది. తేడా రోజుకు 150, నెలకు 3,900. ఒక పిల్ల స్కూలు ఫీజు. సమాన పనికి సమాన వేతనం 1976 నుంచి చట్టం, కొత్త స్మృతిలోనూ అలాగే ఉంది. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

అన్నిటికన్నా కష్టమైనది చివరి విషయం: నోరు విప్పగలగడం. ఇది డబ్బు పెట్టి కొనేది కాదు, అందుకే ఒక స్లాబు దగ్గర నిలబడి చూద్దాం.

1,200 చదరపు అడుగుల స్లాబు, ఐదంగుళాల మందం. కాంక్రీటు సుమారు 14 ఘనపు మీటర్లు, బరువు 35 టన్నులు. 50 కిలోల సిమెంటు బస్తాలు 700 నెత్తి మీద పేర్చినట్టు. అది గట్టిపడేదాకా కింద జాకీలు మోస్తాయి. ఎన్నాళ్లు మోయాలో మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెప్పింది. సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటు అయితే నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. దూలాలకు ఆరు మీటర్ల దాకా 14, ఆపైన 21. వేరే సిమెంట్లకు ఇంకా పెరగొచ్చు.

ఐదో రోజు. పక్క బ్లాకులో స్లాబు వెయ్యాలి, జాకీలు చాలవు. "ఇక్కడివి తీసి అక్కడ పెట్టు" అని పైనుంచి ఫోను. సెంట్రింగ్ మేస్త్రీకి తెలుసు, ఇంకా రెండు రోజులు ఆగాలని. పక్కనున్న హెల్పర్‌కీ తెలుసు. ఇద్దరూ మాట్లాడరు. కిందటిసారి అడ్డం చెప్పినవాడి బిల్లు మూడు వారాలు టేబుల్ మీదే ఉండిపోయింది, అది సైటంతా చూసింది. 110 జాకీలు, ఒక్కోదానికి రోజుకు మూడు రూపాయల అద్దె అనుకుంటే రెండు రోజులకు ఖర్చు 660 రూపాయలు. ఆ 660 కోసం 35 టన్నుల కింద మనుషుల్ని నిలబెట్టారు. ఇందులో సాంకేతిక లోపం ఏదీ లేదు. రోజుల లెక్క అందరికీ తెలిసే ఉంది. చెప్పే దారి మూసుకుపోయింది, అంతే.

"మరీ మాట్లాడనిస్తే నెత్తికెక్కరా? గట్టిగా ఉంటేనే కదా పని నడిచేది" అంటారు. గట్టిగా ఉండండి. పని విషయంలో గట్టిగా ఉండటం వేరు, మనిషిని తిట్టడం వేరు. లెవెల్ తప్పితే గోడ పడగొట్టించండి, ఎవరూ కాదనరు. "ఒరేయ్" అని పిలిచి, పది మందిలో తల్లిని తిట్టినచోట మాత్రం రేపు కవర్ బ్లాకు పెట్టడం మర్చిపోయినవాడు మీకు చెప్పడు. రాడ్డుకు కింద కాంక్రీటు పట్టేందుకు పెట్టే ఆ చిన్న బిళ్ల ఖరీదు కొద్ది రూపాయలు. అది లేని చోట రాడ్డు తుప్పు పట్టి పదేళ్లకు పైకప్పు పెచ్చులు రాలుతాయి. తప్పు ఒప్పుకున్నవాడికి ఆ రోజు ఏమైందన్నది సైటు మొత్తానికి సాయంత్రంలోగా తెలిసిపోతుంది.

ఎత్తులో పనిచేసేవాళ్లు కట్టుకునే సేఫ్టీ బెల్టు సంగతీ ఇలాగే. మూడో అంతస్తు, పది మీటర్ల ఎత్తు నుంచి జారినవాడు ఒకటిన్నర సెకను లోపే నేలను తాకుతాడు, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో. అరవడానికి కూడా టైముండదు. బెల్టు ఇచ్చాం, వాళ్లే కట్టుకోరు అంటారు. ఎందుకు కట్టుకోరో చూడండి. పరంజా మీద చోటు మారిన ప్రతిసారీ కొక్కెం తీసి తగిలించడానికి అర నిమిషం పడుతుంది. రోజుకు ఇరవై సార్లంటే పది నిమిషాలు. చదరపు అడుగు లెక్కన పనిచేసేవాడికి ఆ పది నిమిషాలు అంటే 19 రూపాయలు తన జేబులోంచి. మీ రేటులో ఆ 19 రూపాయలు కలిపితే బెల్టు కడతాడు, కలపకపోతే మీరు లేనప్పుడు విప్పేస్తాడు. బోర్డు మీద ఏం రాశారన్నదాన్ని బట్టి కాదు, రేటు కార్డులో ఏం రాశారన్నదాన్ని బట్టి మనుషులు నడుచుకుంటారు.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన. 1933లో పని మొదలై 1937లో తెరిచారు. ఖర్చు మూడున్నర కోట్ల డాలర్లు. ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద కట్టడాల మీద పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం పోవడం మామూలే అని ముందుగానే లెక్కేసుకునేవారు. ఆ లెక్కన 35 మంది పోవాలి. చీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. అందరికీ హెల్మెట్లు తప్పనిసరి చేశాడు, ఎత్తులో వేషాలు వేసినవాళ్లను పనిలోంచి తీసేశాడు, వంతెన కింద పొడుగునా వల కట్టించాడు. వల ఖర్చు లక్షా 30 వేల డాలర్లు. మొత్తం ఖర్చుతో పోలిస్తే వంద రూపాయల పనిలో 37 పైసలు. ఆ వలలో పడి 19 మంది బతికారు. మొత్తం మీద 11 మంది చనిపోయారు. అందులో పది మంది 1937 ఫిబ్రవరి 17న ఒకేసారి పోయారు, పరంజా ఊడి వలను చింపుకుని పడినప్పుడు. అంటే వల ఉంటే సరిపోదు, వల మీద నమ్మకంతో పరంజాను చూడటం మానకూడదు కూడా.

2012 లండన్ ఒలింపిక్స్ కట్టడాల పనిలో ప్రమాదం వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఒలింపిక్స్ చరిత్రలో అదే మొదటిసారి. అక్కడ పాటించిన పద్ధతుల్లో మనకూ అందుబాటులో ఉన్నది ఒకటుంది: రోజూ పని మొదలయ్యే ముందు కాసేపు నిలబడి ఈ రోజు ఏం చేస్తున్నాం, ఎక్కడ జాగ్రత్త అని మాట్లాడుకోవడం. మన నలభై మందితో పది నిమిషాలు అలా మాట్లాడితే రోజుకు 750 రూపాయల కూలి, నెలకు 19,500. చిన్న మొత్తం కాదు. అందుకే అది ఉపన్యాసం కాకూడదు. సూపర్‌వైజర్ మూడు నిమిషాలు మాట్లాడి, మిగతా ఏడు నిమిషాలూ "నిన్న ఏది ఇబ్బందిగా ఉంది?" అని అడిగి వినాలి. సగం మంది ఒడియా, హిందీ వాళ్లయితే వాళ్లలో ఒకరు అటూ ఇటూ చెప్పాలి. అర్థం కాని భాషలో జాగ్రత్తలు చెప్పడం టైము దండగ.

మొత్తం కూడదాం. జీతాలు తేదీకి ఇచ్చేందుకు వడ్డీ 3,077, నీళ్లకు 7,800, దొడ్లు కడిగే మనిషికి 18,200, పొద్దుటి మాటలకు 19,500. నెలకు 48,577. కూలి బిల్లులో నూటికి ఐదు రూపాయల పైచిలుకు. మనుషులు మారడం సగానికి తగ్గితే వెనక్కొచ్చేది 13,500. కాబట్టి "మంచిగా ఉంటే లాభమే లాభం" అని నేను చెప్పను. ఈ లెక్కలో పూర్తిగా తిరిగి రాదు. కానీ రెండు సంగతులు చూడండి. జీతం, నీళ్లు, దొడ్డి ఎలాగూ చట్టం పెట్టమన్నవే. అవి తీసేస్తే మీరు ఇష్టపడి పెట్టేది నూటికి రెండు రూపాయలు. రెండోది, ఇఎస్‌ఐ పరిధిలో లేని ముప్పై ఏళ్ల కార్మికుడు పనిలో చనిపోతే కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారం. నెల జీతంలో సగాన్ని (15,000 పరిమితితో 7,500) వయసును బట్టి పట్టికలో ఉండే 207.98తో గుణిస్తారు: 15,59,850 రూపాయలు. పైన కూడిన ఖర్చు ముప్పై రెండు నెలలు పెట్టొచ్చు దాంతో. ప్రాణానికి వెల కట్టడం కాదిది. వెల కట్టకుండా ఆలోచించని వాళ్ల కోసం చెప్పిన అంకె.

"నేను బిల్డర్‌ని కాను, ఫ్లాటు కొనుక్కునేవాణ్ని, నాకెందుకు ఇదంతా?" మీరు పడుకునే గది పైకప్పు కింద జాకీలు ఐదో రోజు తీశారా, ఏడో రోజు తీశారా అన్నది మీ సంగతే. సైటు చూడటానికి వెళ్లినప్పుడు మోడల్ ఫ్లాటు టైల్సుతో పాటు కూలీల మరుగుదొడ్డి తలుపు కూడా ఒకసారి చూడండి. అక్కడ పనిచేసే మేస్త్రీని "మీకు వారం డబ్బులు ఏ రోజు ఇస్తారు?" అని అడగండి. తడుముకోకుండా "శనివారం" అన్నాడంటే ఆ సైటు మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు.

సొంతిల్లు కట్టించుకునేవారికి ఒక పని. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు, అంటే కార్మికుల సంక్షేమం కోసం వసూలు చేసే సుంకం, బిల్డర్లు కడుతున్నారు. పది కోట్ల కట్టడమైతే పది లక్షలు. ఆ నిధి నుంచి సాయం అందాలంటే కూలీ సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. 18 నుంచి 60 ఏళ్ల వయసు, గడిచిన 12 నెలల్లో 90 రోజుల నిర్మాణ పని ఉంటే చాలు. మీది 50 లక్షల లోపు సొంతిల్లయితే మీకు సెస్సు లేదు, కానీ మీ మేస్త్రీకి, హెల్పర్లకు ఆ బోర్డు నమోదు కార్డు ఉండొచ్చు. ఉందో లేదో అడగండి. లేకపోతే మీ దగ్గర ఎన్ని రోజులు పనిచేశారో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. మిగతాది మీ ఊరి కార్మిక శాఖ కార్యాలయంలో చెబుతారు.